‘ప్రవేశము నిషేధించబడినది’: ఈ మాట మనిషిని ఆపుతుందా?

చేతిరాత:

నేను బోర్డులు రాస్తాను. ఒకప్పుడు కుంచెతో, ఇప్పుడు కంప్యూటర్లో. పాతికేళ్లుగా ఇదే పని. ఈమధ్య ఒక ఆసుపత్రిలో తెలుగు బోర్డులన్నీ మార్చే పని ఒప్పుకున్నాను. ఆపరేషన్ గదుల వైపు వెళ్లే తలుపు మీద ఒక పాత బోర్డు ఉంది. పై వరుసలో పెద్ద అక్షరాల్లో ‘ప్రవేశము’ అని, కింది వరుసలో, చోటు చాలక కుదించిన అక్షరాల్లో, ‘నిషేధించబడినది’ అని ఉంటుంది.

నేను కొలతలు తీసుకుంటూ ఉండగా అరవై దాటిన ఒకావిడ చేతిలో క్యారియర్‌తో వచ్చింది. బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుంటూ ‘ప్ర... వే... శ... ము’ అని చదువుకుంది. రెండో వరుస మొదలుపెట్టి ‘నిషే’ దగ్గర ఆగిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. లోపల కేకలు. బయటికి పంపించేస్తూ ‘బోర్డు కనపడలేదా, చదువు రాదా’ అని కసిరారు. ఆవిడ నా వైపు తిరిగి ‘ప్రవేశం అనే గదయ్యా ఉంది’ అంది. ఆవిడ అన్నది నిజమే. చదవగలిగినంతా చదివింది.

ఆ బోర్డు నేను రాసింది కాదు. అలాంటివి మాత్రం చాలా రాశాను. ‘ఫొటోలు తీయుట నిషేధించబడినది’, ‘వాహనములు నిలుపుట నిషేధము’, ‘అన్యులకు ప్రవేశము నిషిద్ధము’. ఇచ్చినవాళ్లు ఏది రాసిస్తే అది రాసేవాణ్ని. ఈసారి మాటలు కూడా నన్నే చూడమన్నారు, అందుకే అడుగుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: జనం కోసం పెట్టే బోర్డు మీద ‘నిషేధం’ అనే మాట ఉండకూడదు. మనకు ‘వద్దు’ ఉంది, ‘కూడదు’ ఉంది, ‘రాదు’ ఉంది. వాటిని పక్కనపెట్టి ఈ మాట ఎందుకు పట్టుకున్నాం? పైగా ‘నిషేధించబడినది’లో ఆ ‘బడు’ ఎవరి భాష? ఎవరు నిషేధించారో చెప్పదు, ఎవరిని ఆపుతోందో చెప్పదు.

నల్లకోటు:

చేతిరాత గారూ, ఆ పెద్దావిడ విషయంలో మీ బాధ నాకు అర్థమైంది. కానీ మాట మీద తీర్పు తొందరపడి ఇస్తున్నారు. ‘వద్దు’ వేరు, ‘నిషేధం’ వేరు. మా నాన్న నాకు సిగరెట్ వద్దన్నారు. అది నిషేధం కాదు. నిషేధం అంటే దాని వెనక ఒక అధికారం ఉండాలి, మీరితే ఏదో ఒక పర్యవసానం ఉండాలి.

రాజ్యాంగం 17వ అధికరణ చూడండి. అంటరానితనాన్ని మొదట రద్దు చేస్తుంది. తర్వాత దాన్ని ఏ రూపంలో పాటించడాన్నైనా నిషేధిస్తుంది. ఆపైన, దాని పేరుతో ఎవరికైనా అడ్డంకులు పెట్టడం శిక్షించదగిన నేరం అంటుంది. మూడు మెట్లు: రద్దు, నిషేధం, నేరం. రద్దు అనేది ఆచారానికి, అంటే ఇకపై దానికి చట్టం దృష్టిలో ఉనికి లేదు. నిషేధం అనేది మనిషి చేసే పనికి. నేరం అన్నది ఆ పని చేసినవాడికి. రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చింది, శిక్షలు చెప్పే కేంద్ర చట్టం 1955లో వచ్చింది. దాని పేరునే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. ఇప్పుడు ఆ రెండో మెట్టు దగ్గర ‘పాటించవద్దు’ అని రాసుకోండి. సలహాలా వినిపిస్తుంది. ఆ చోట నిషేధం అనే మాటే ఉండాలి.

శబ్దమూలం:

చేతిరాత గారు ‘వద్దు, కూడదు, రాదు’ అని ఒకే వరుసలో పేర్చారు. అవి మూడూ ఒకటి కావు. ఇది తేలకపోతే చర్చ ముందుకు సాగదు.

‘వద్దు’ పాత రూపం ‘వలదు’. వలయు అనే క్రియకు వ్యతిరేక రూపం. అదే క్రియ నుంచి ‘చేయవలెను’ వచ్చింది, అది అరిగి ‘చేయాలి’ అయింది. వలచు, వలపు కూడా ఈ కుటుంబానివే. అంటే ‘వద్దు’ అడుగున ఉన్నది కోరిక. ‘నాకు అన్నం వద్దు’ అన్నప్పుడు ఆ మొదటి అర్థం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ‘లోపలికి రావద్దు’ అన్నా ఎవరో ఒకరు కోరుకోవడం లేదనే అర్థం. ‘వద్దు’ వెనక ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు.

‘కూడదు’ కూడు అనే క్రియ నుంచి వచ్చింది. కూడు అంటే కలియు, పొసగు, తగు. కాబట్టి ‘కూడదు’ అంటే పొసగదు, తగదు. ఇక్కడ మనిషి కనపడడు. ‘అబద్ధం ఆడవద్దు’ అంటే అమ్మ చెప్పినట్టు ఉంటుంది. ‘అబద్ధం ఆడకూడదు’ అంటే అమ్మకు కూడా వర్తిస్తుంది.

‘రాదు’ సంగతి ఇంకా చిత్రం. ఇది ‘వచ్చు’కి వ్యతిరేకం. ‘చేయవచ్చు’ అంటే అనుమతి, ‘చేయరాదు’ అంటే అనుమతి లేదు. కానీ అదే ‘వచ్చు’ నేర్పునూ చెబుతుంది: ఈత వచ్చు, ఈత రాదు. బోర్డు మీద ‘రాదు’ ఎవరి కోరికా కాదు, తగునా తగదా అన్న తూకమూ కాదు, వట్టి నియమం. గోడల మీద, బస్సుల్లో, పార్కుల్లో మనం చూసేదంతా ఇదే: పొగ త్రాగరాదు, పూలు కోయరాదు, ఇచ్చట నోటీసులు అంటించరాదు. నోటితో ఇలా ఎవరూ అనరు, గోడ మీద మాత్రం ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఈ రూపం ఇప్పుడు గోడలకే మిగిలిపోయింది.

ఇక ‘బడు’ గురించి ఒక్క మాట. అది పరాయిది కాదు. పాత వ్యాకరణాల్లోనే ‘అనబడును’ కనిపిస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రతి క్రియకూ దాన్ని తగిలించడం మాత్రం మన కార్యాలయాల అలవాటు.

చెరువుకట్ట:

‘రాదు’ మీద మంచిగ చెప్పిన్రు శబ్దమూలం గారు, కానీ ఒకటి ఇడిచిపెట్టిన్రు. మా దిక్కు ‘కూసోరాదు’ అంటే కూసొమ్మని. ‘జెర చెప్పరాదు’ అంటే చెప్పుమని బతిలాడుడు. ‘తినరాదు’ అంటే తినుమని. ఇంట్ల పొద్దందాక ఇనే మాట ఇది. మీ కోస్తల గూడ ‘కాసేపు కూర్చోరాదూ’ అని దీర్ఘం తీస్తరు గదా, గదే మాట. మేము దీర్ఘం గూడ తియ్యం.

మా తమ్ముని బిడ్డ అప్పుడప్పుడే చదువు నేర్చుకుంటుండె. పార్కుల ‘పూలు కోయరాదు’ అని చదివి, ‘పెద్దనాయనా, కోయుమంటున్నది’ అని సంబురంగ ఉరికింది. పోరికి ఏం చెప్పాలె? ఇంట్ల ఆ మాటకు అర్థం అదే. మాకు చదువు చెప్పిన పుస్తకం వేరే, మేము మాట్లాడే నోరు వేరే. అందుకే అంటున్న, ‘నిషేధం’ తీసేసి ‘రాదు’ పెడితే తెలుగు అయిపోయిందని అనుకోకున్రి. ‘వద్దు’ మాత్రం అన్ని దిక్కుల ఒక్కటే. చెయ్యొద్దు అంటే చెయ్యొద్దే.

టీకాతాత్పర్యం:

ఈ చర్చలో ‘నిషేధం’ ఏదో ఆఫీసు ఫైళ్లలో పుట్టినట్టు మాట్లాడుతున్నారు. అది చాలా లోతైన మాట. సిధ్ ధాతువుకు ముందు ‘ని’ చేరితే సకారం షకారమై ‘నిషేధ’ వచ్చింది. తోలివేయడం, వెనక్కి మళ్లించడం దాని మూలార్థం. ‘ప్రతిషేధం’ దీని తోబుట్టువు.

మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించిన శాస్త్రకారులు, ఆ వాక్యాలను ఐదు రకాలుగా విడదీశారు: విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం. నిషేధానికి వాళ్లు చెప్పే ఉదాహరణ ‘న కలంజం భక్షయేత్’, కలంజం (తినకూడనిదని చెప్పిన ఒక పదార్థం) తినరాదు. నిషేధానికి నిర్వచనం ‘పురుషస్య నివర్తకం వాక్యం’, మనిషిని మళ్లించే వాక్యం. ఇంకా సూక్ష్మంగా వెళ్లి, ‘ఉదయించే సూర్యుణ్ని చూడరాదు’ వంటి మాట నిషేధం కాదన్నారు. అది వ్రతాల వరసలో వచ్చింది కాబట్టి, ‘చూడను’ అని సంకల్పం చెప్పుకోవడమే దాని అర్థమన్నారు. దాన్ని పర్యుదాసం అంటారు. ‘చేయకు’ అని బయటి నుంచి ఆపడం వేరు, ‘చేయను’ అని లోపలి నుంచి పూనడం వేరు అని అంత పట్టి పట్టి చూసిన మాట ఇది. దీన్ని తలుపు మీద నుంచి దించేస్తామంటే నాకు కష్టంగా ఉంది.

మరో విషయం. రాయదలిస్తే ‘నిషిద్ధం’ అని రాయండి. ‘నిషేధించబడినది’ అని అంత పొడుగు లాగనక్కర్లేదు.

చేతిరాత:

టీకాతాత్పర్యం గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. మీరు ఇచ్చిన నిర్వచనమే నా వాదన. మనిషిని మళ్లించే వాక్యం నిషేధం. ఆ పెద్దావిడను ఆ వాక్యం మళ్లించలేదు. నిర్వచనం ప్రకారమే ఆ తలుపు మీద ఉన్నది నిషేధం కాలేకపోయింది. ఆ మాట రాసి ఉంది, ఆ పని మాత్రం జరగలేదు.

‘నిషిద్ధం’ అని పొట్టిగా రాస్తే ఏమవుతుంది? ‘షి’ తర్వాత ‘ద్ధ’ ఉంది. దకారానికి ధకారం ఒత్తు. దూరం నుంచి చూస్తే ఆ ఒత్తు మరకలా కనిపిస్తుంది. కుంచెతో రాసిన రోజుల్లో మేం అందరికంటే ఎక్కువ తప్పులు చేసింది ఈ మాటలోనే, ‘నిషిద్దం’ అని, ‘నిశిద్ధం’ అని. రాసేవాడికే నిలవని అక్షరాలు, కూడబలుక్కునే మనిషికి ఎలా నిలుస్తాయి?

నల్లకోటు గారికి: చట్టంలో ఉండాల్సిన మాట చట్టంలో ఉండనివ్వండి. నేను తలుపు గురించే అడుగుతున్నాను.

నల్లకోటు:

తలుపు గురించే చెబుతాను. పొగాకు చట్టం 2003లో వచ్చింది. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించే నియమాలు 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి. ఆ నియమాలు బోర్డు కొలతను కూడా చెప్పాయి: కనీసం 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లు, తెల్లటి నేపథ్యం. దాని మీది మాటలు కూడా నిర్ణయించాయి: ఇది పొగతాగకూడని చోటు, ఇక్కడ పొగతాగడం నేరం. ఉల్లంఘిస్తే 200 రూపాయల వరకు జరిమానా.

ఇక్కడ మీ పక్షాన ఒక సంగతి ఒప్పుకోవాలి. నియమాల పేరులో నిషేధం ఉంది. బోర్డు మీదికి వచ్చేసరికి చట్టం రాసినవాళ్లు ‘ఇది నిషేధించబడింది’ అనలేదు, ‘నేరం’ అన్నారు. చదివేవాడికి తగిలే మాట అదేనని వాళ్లకు తెలుసు. కాబట్టి ‘నిషేధం’ బోర్డు మీద తప్పనిసరి అని నేను వాదించను. ‘వద్దు’ దాని స్థానంలో కూర్చోగలదు అంటేనే ఒప్పుకోను.

మాగాణి:

మీరంతా బోర్డుల గురించి మాట్లాడుతున్నారు. నన్ను ఈ మాట కాగితం మీద కొట్టింది.

మా నాన్నగారి పేరు మీద ఎకరం ముప్పావు ఉంది. చెల్లెలి పెళ్లికి అమ్ముదామని వెళితే ‘మీ భూమి నిషేధిత జాబితాలో ఉంది’ అన్నారు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివి ఆ జాబితాలో పెడతారు. మా సర్వే నంబరులో ఒక ముక్క ప్రభుత్వానిది కావడంతో నంబరు మొత్తాన్ని అందులో చేర్చేశారు. తీయించుకోవడానికి మూడేళ్లు తిరిగాం. పెళ్లి అప్పుతో అయింది.

ఆ మూడేళ్లూ ఊళ్లో వినిపించిన మాట ఏమిటో తెలుసా? ‘వాళ్లది నిషేధిత భూమి’. ఏదో దొంగసొత్తు అన్నట్టు. కౌలుకు తీసుకునే రైతు వెనక్కి తగ్గాడు, అందులో దున్నకూడదేమో అని. నిజానికి ఆ జాబితా ఆపేది రిజిస్ట్రేషన్‌ని. మేం దున్నుకోవచ్చు, పండించుకోవచ్చు. భూమి నిషేధం కాదు, దాని క్రయవిక్రయం నమోదు చేయడం నిషేధం. కానీ ‘నిషేధిత’ అనే విశేషణం పని మీద నుంచి జారి వస్తువు మీద పడింది. వస్తువు మీద నుంచి మనిషి మీద పడింది. మా అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకునేది.

అందుకని నాది ఒక్కటే మాట. నిషేధం అని రాసేవాళ్లు ఏ పని నిషేధమో తప్పకుండా రాయాలి. ‘రిజిస్ట్రేషన్ నిలిపిన భూముల జాబితా’ అని పేరు పెట్టి ఉంటే మాకు అప్పు తప్పకపోయినా, ఆ తలవంపు తప్పేది.

అచ్చుతప్పు:

మాగాణి గారూ, మీరు చెప్పింది పత్రికల్లో రోజూ జరిగేదే. 2022 జులై 1 నుంచి ‘ప్లాస్టిక్ నిషేధం’ అని శీర్షికలు పెట్టాం. నేనూ దిద్ది పంపాను. నిషేధించింది ప్లాస్టిక్‌ని కాదు. ఒకసారి వాడి పారేసే కొన్ని వస్తువులను, స్ట్రాలు, చెంచాలు, పళ్లేలు, ఇయర్‌బడ్ల పుల్లల వంటివాటిని. ‘ప్లాస్టిక్ నిషేధం అన్నారు, బకెట్లు అమ్ముతున్నారే’ అని పాఠకులు ఫోన్ చేసి అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. ఒక్క మాటకు రెండు అంగుళాల చోటు మిగులుతుందని మేం అర్థాన్ని కోసేశాం.

‘నిషిద్ధ’, ‘నిషేధిత’ గొడవ కూడా మా బల్ల దగ్గర ఎప్పుడూ ఉండేదే. మాకు నేర్పినవాళ్లు ‘నిషేధిత’ తప్పు, ‘నిషిద్ధ’ ఒప్పు అన్నారు. టీకాతాత్పర్యం గారు ఏమంటారు?

టీకాతాత్పర్యం:

‘నిషేధిత’ తప్పు కాదు. ‘నిషేధయతి’ అనే ప్రేరణ రూపం నుంచి ‘నిషేధిత’ సక్రమంగానే వస్తుంది. దానంతట అది నిషిద్ధం, ఒకరు పూనుకుని ఆపించింది నిషేధితం అని తేడా చెప్పుకోవచ్చు. గోమాంసం ఒకరికి నిషిద్ధం, పందిమాంసం మరొకరికి నిషిద్ధం. ప్రభుత్వం నిషేధించిన సంస్థ నిషేధిత సంస్థ. ఈ రెండింటినీ తారుమారు చేస్తే చెవికి కటువుగా ఉంటుంది. అంటే వాడుకలో ఆ తేడా బతికే ఉంది.

మాగాణి గారి ఇంట్లో జరిగింది చదివాక నాకు ఒకటి తోచింది. మీమాంసలో నిషేధం ఎప్పుడూ క్రియకే. ‘కలంజం తినరాదు’ అన్నారు, ‘కలంజం నిషిద్ధం’ అని ఊరుకోలేదు. తినడం అనే పని ఆ వాక్యంలో ఉంది. మనం దాన్ని నామవాచకం చేసి వస్తువులకు అతికించాం. నేను మొదట ‘నిషిద్ధం’ అని పొట్టిగా రాయమన్నది ఆ దోషాన్నే పెంచుతుంది. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

పెన్న ఇసుక:

నాది నెల్లూరు జిల్లా. ఇంతసేపూ ఓపిగ్గా చదివాను. ‘కూడబలుక్కునే మనిషికి నిషేధం అర్థం కాదు’ అన్న మాట నాకు నచ్చలేదు. చెప్పి తీరాలి.

1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మా అమ్మ పక్క ఊరిలో ఉంది. అప్పటిదాకా ఆమెకు అక్షరం రాదు. అక్షరదీపం తరగతుల్లో కూర్చుని నేర్చుకుంది. ఆ పాఠాల్లోంచే ఈ ఊళ్లన్నీ కదిలాయి. మొదట వాళ్ల నోట ఉన్నది ‘మా ఊళ్లో సారా వద్దు’ అన్న మాటే. ‘వద్దు’ అంటే దుకాణం ఒకరోజు మూసేవాళ్లు, మళ్లీ తెరిచేవాళ్లు. కాంట్రాక్టర్ మనుషులు వచ్చి ‘మీరు వద్దంటే మాకేంది, ప్రభుత్వమే వేలం పాట పెట్టింది’ అనేవాళ్లంట. అప్పుడు తెలిసింది వాళ్లకు, తమ ‘వద్దు’ చాలదని. ప్రభుత్వం నోట ‘నిషేధం’ అనిపించాలని.

1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో సారా నిషేధం వచ్చింది. అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. మా అమ్మ ఆ మాటను ‘నిసేదం’ అనేది. అక్షరం తప్పు పలికినా అర్థం నూటికి నూరు పాళ్లు తెలుసు. 1997లో దాన్ని సడలించినప్పుడు ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మందు మళ్లీ వచ్చినందుకు ఎంతో, ఆ మాట పోయినందుకూ అంతే. కాబట్టి ఈ మాట మాది కాదని, పెద్దలదని, ఫైళ్లదని అనకండి. కొన్ని వందల ఊళ్ల ఆడవాళ్లు దాన్ని అడిగి తెచ్చుకున్నారు.

శబ్దమూలం:

పెన్న ఇసుక గారూ, మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. మీరు రాసిన దాంట్లో భాష గురించి ఇప్పటిదాకా ఎవరం పట్టుకోని సంగతి ఒకటి ఉంది.

నిషేధం ‘వచ్చింది’ అన్నారు, ‘సడలించారు’ అన్నారు. పత్రికల్లో విధించారు, ఎత్తేశారు, తొలగించారు, పొడిగించారు అంటాం. అంటే నిషేధానికి ఒక మొదలు ఉంటుంది, ఒక చివర ఉంటుంది. ఎవరో పెట్టాలి, ఎవరో తీయాలి. 144 సెక్షన్ కింద పెట్టేవాటిని, ఇప్పుడు కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 163, నిషేధాజ్ఞలు అనేది అందుకే. ఈ తారీఖు నుంచి ఈ తారీఖు దాకా అని ఉంటుంది. ‘కూడదు’ని ఎవరూ విధించలేరు, ఎత్తేయలేరు. తాగి పెళ్లాన్ని కొట్టకూడదు అన్నది 1993కి ముందూ ఉంది, 1997 తర్వాతా ఉంది.

కాబట్టి ఆపరేషన్ గది తలుపుకి నిషేధం ఎందుకు తగదో నాకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అక్కడికి బయటివాళ్లు వెళ్లకపోవడం ఒకరు విధించి రేపు ఎత్తేసే ఆజ్ఞ కాదు. లోపల కడుపు తెరిచి ఉన్న మనిషికి బయటి దుమ్ము తగలకూడదు, అంతే. అక్కడ కావాల్సింది ‘కూడదు’. వీధికి అడ్డంగా పోలీసులు కట్టిన తాడు దగ్గర ‘నిషేధం’ సరైనదే.

చేతిరాత:

పెన్న ఇసుక గారూ, క్షమించండి. మాట జనానికి రాదు అన్నట్టు రాశాను. అది తప్పు. కావాలనుకున్న మాటను మీ అమ్మగారు నేర్చుకున్నారు. హడావిడిలో తలుపు దగ్గరికి వచ్చినవాళ్లకు నేర్చుకునే సమయం ఉండదు, నేను చెప్పదలచుకున్నది అంతవరకే.

శబ్దమూలం గారి మాట ప్రకారం ‘లోపలికి రాకూడదు’ అని నమూనా తయారుచేశాను. పై వరుస ‘లోపలికి’, కింది వరుస ‘రాకూడదు’. అక్షరాలు రెండు వరుసల్లోనూ ఒకే కొలత.

చెరువుకట్ట:

అన్నా, ఒక్క నిమిషం. పై వరుసల ‘లోపలికి’ అని రాస్తే ఆ పెద్దమ్మ ఏం చదువుతది? ‘లోపలికి’ అని చదివి లోపలికే పోతది. ‘ప్రవేశము’తోని అయిన కథనే మళ్లా అయితది. తప్పు ఒక్క నిషేధం మీదనే ఎయ్యకు. మన భాషల కాదు, లేదు, రాదు, వద్దు, అన్నీ ఆఖరికే వస్తయి. మాట మొత్తం అయ్యేదాక అవునో కాదో తెల్వది. నోటితోని అయితే చెయ్యి అడ్డం పెట్టి చెప్తం. బోర్డుకు చెయ్యి లేదు.

చేతిరాత:

నిజం. పాతికేళ్లు రాసినా ఇది నా బుర్రకు తట్టలేదు. ముందు ఆపే మాట ఒకటి కావాలి. ‘ఆగండి’ అని పైన ఎర్ర పట్టీ మీద పెద్దగా, కింద చిన్నగా ‘లోపలికి రాకూడదు’ అని పెడతాను. కాగితం మీద అచ్చు తీసి రేపు ఆ తలుపుకే అంటించి చూస్తాను.

నల్లకోటు:

మంచిది. ఎక్స్‌రే గదికి మాత్రం ఇదే నకలు అంటించకండి. అక్కడ ఎందుకు రాకూడదో కూడా చెప్పాలి, గర్భిణులు తెలియక వెళతారు.

చేతిరాత:

ఈ రోజు పొద్దున అంటించాను. రెండు గంటలు పక్కన నిలబడ్డాను. ఎక్స్‌రే గదికి వేరే బోర్డు రాస్తున్నాను, నల్లకోటు గారూ, గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు.

తలుపు తోసినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ‘ఆగండి’ దగ్గరే ఆగారు. కానీ ముగ్గురు నలుగురు నన్ను అడిగారు, ‘ఎంతసేపు ఆగాలండీ?’ అని. ఒకాయన కుర్చీ తెచ్చుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. పిలుస్తారేమో అని గంట సేపు కదల్లేదు. మన ‘ఆగు’కి నిలిచిపో అనే అర్థంతో పాటు వేచి ఉండు అనే అర్థం కూడా ఉంది కదా. కింద వరుస ఆయన చదవనే లేదు.

చెరువుకట్ట:

‘ఆగండి’ తీసెయ్యి అన్నా. పైన ఎర్ర పట్టీ మీద ‘వద్దు’ అని ఒక్క మాట పెట్టు. రెండే అక్షరాలు. కూడదు, రాదు ఇంకో మాట పట్టుకోకుంటె నిలబడయి, వద్దు ఒక్కటే తనంత తాను నిలబడ్తది. కింద ‘లోపలికి రావద్దు’ అని రాయి.

శబ్దమూలం:

‘కూడదు’ ఉంటే బాగుండేదని నాకు ఇంకా ఉంది. కానీ ‘వద్దు’ ఒంటరిగా నిలుస్తుందన్నది కాదనలేను.

చేతిరాత:

రేపు ‘వద్దు’ అంటించి చూస్తాను. పొద్దున ఎనిమిదింటికి క్యారియర్లు తెచ్చేవాళ్లు వస్తారు, ఆ వేళకే వెళతాను.